కప్పు పోయినా నిలిచిన కమాను

దక్షిణ ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో నోల్టన్ అనే చోట, పొలాల మధ్య, ఓ పాడుబడ్డ చర్చి ఉంది. దాని చుట్టూ గుండ్రంగా మట్టికట్ట, కట్టకు లోపలివైపు కందకం. శత్రువును ఆపడానికైతే కందకం కట్టకు బయట తవ్వుతారు. ఇక్కడ లోపల ఉందంటే ఇది కోట కాదు. క్రీ.పూ. 2500 ప్రాంతంలో, కొత్త రాతియుగపు జనం తమ వేడుకల కోసం కట్టుకున్న వలయం ఇది. ఇలాంటివాటిని హెంజ్ అంటారు. 3,600 ఏళ్లు గడిచాక, 12వ శతాబ్దంలో, నార్మన్ల (ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచినవాళ్ల) కాలపు మేస్త్రీలు సరిగ్గా దాని నడుమ చర్చి కట్టారు. ఒక్క చోట రెండు కాలాలు ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు.

అప్పటి ఐరోపా కట్టడాల తీరును రోమనెస్క్ అంటారు. మందపాటి గోడలు, చిన్న కిటికీలు, అర్ధవృత్తపు కమానులు దాని గుర్తులు. జనం కూర్చునే హాలుకీ, పూజారి నిలబడే గదికీ మధ్య అలాంటి కమాను నోల్టన్‌లో ఇంకా నిలిచే ఉంది. పైన కప్పు మాత్రం లేదు.

ఎందుకలా? రాయి నొక్కుడుకు ఎంతో ఓర్చుకుంటుంది, సాగదీస్తే విరిగిపోతుంది. ద్వారం మీద ఒకే పొడవాటి రాయి అడ్డంగా పెడితే, బరువుకు దాని అడుగుభాగం సాగి పగులుతుంది. కమానులో సాగే భాగమే ఉండదు. చెక్క సెంట్రింగ్ మీద ఏటవాలుగా చెక్కిన రాళ్లు రెండు పక్కల నుంచీ పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన ఆఖరి రాయి దిగ్గొట్టి, సెంట్రింగ్ తీసేస్తారు. అప్పుడు ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతూ నిలబడుతుంది. ఆ బరువు పక్కలకూ తోస్తుంది కాబట్టే గోడలు అంత మందం.

నాకు కమాను కంటే గోడే ఎక్కువ ఆశ్చర్యం. డోర్సెట్‌లోని ఈ నేల కింద ఉన్నది సుద్ద, అందులో దొరికేది చెకుముకి రాయి. గాజులా గట్టిది, కానీ వంకరటింకర, చదరంగా చెక్కడం చాలా కష్టం. అందుకే గోడ బలమంతా సున్నం మీదే ఆధారపడుతుంది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. కాబట్టి కొద్ది ఎత్తు కట్టి, ఆరనిచ్చి, మళ్లీ కట్టాలి. మధ్యమధ్య చెక్కిన రాళ్ల వరుసలు గోడను కలిపి పట్టి ఉంచుతాయి.

ప్లేగు వల్ల ఊరు ఖాళీ అయిందని చెబుతారు. 18వ శతాబ్దంలో కప్పు కూలింది, చర్చిని వదిలేశారు. కప్పు పోతే గోడకు అసలు ప్రమాదం తలమీద నుంచే. వాన లోపలికి దిగి, చలికాలంలో గడ్డకట్టి, ఉబ్బి రాళ్లను విడదీస్తుంది. దానిపై సిమెంటు పూస్తే నీళ్లు బయటికి రాలేక ఇంకా చేటు. అందుకే ఇలాంటి పాత గోడల్ని మరమ్మతు చేసేవాళ్లు ఈనాటికీ సున్నమే కలుపుతారు.