రూట్‌లో వీలాన్ పేరు ఇస్తే చాలా? అపోహలు - వాస్తవాలు

అపోహ: "డిఫాల్ట్ రూట్‌లో నెక్స్ట్ హాప్ ఐపీ ఇచ్చినా, వీలాన్ పేరు ఇచ్చినా ఒకటే. నెట్ వస్తోందిగా!"

వాస్తవం: ఒకటి కానే కాదు. డిఫాల్ట్ రూట్ అంటే బయటి నెట్‌వర్క్‌కి పోయే దారి, నెక్స్ట్ హాప్ అంటే ఆ దారిలో తర్వాతి రౌటర్, వీలాన్ అంటే స్విచ్‌లో విడగొట్టిన ఒక నెట్‌వర్క్. 10.1.1.1 అని ఇస్తే స్విచ్ ఆ ఒక్క అడ్రస్‌కే ఏఆర్‌పీ పంపుతుంది, అంటే ఆ ఐపీ ఉన్న పరికరం మ్యాక్ (హార్డ్‌వేర్ అడ్రస్) ఎంతని అడుగుతుంది. ఉత్త 'వీలాన్ 10' అని వదిలేస్తే లోకంలోని ఐపీలన్నీ ఆ వీలాన్‌లోనే ఉన్నాయనుకుని, 8.8.8.8 మ్యాక్ ఎంతని అక్కడే అడుగుతుంది. అవతలి రౌటర్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీ (వేరే ఐపీ తరఫున తానే జవాబివ్వడం) ఆన్‌లో ఉంటే తన మ్యాక్ ఇచ్చి ఆదుకుంటుంది. సిస్కో పరికరాల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌లో అది డిఫాల్ట్‌గా ఆన్. అందుకే తప్పు రూట్ కూడా ఏళ్ల తరబడి నడిచిపోతుంది. ఇలాంటి రూట్ కొడితే ఐఓఎస్ కొత్త వెర్షన్లు హెచ్చరిస్తాయి కూడా. చదివేదెవరు?

ఒక గోదాములో రాత్రిపూట పాత రౌటర్ తీసి ఫైర్‌వాల్ పెట్టారు. ఐపీ అదే, కేబుల్ అదే, నెట్ లేదు. "అన్నా, గేట్‌వేకి పింగ్ వస్తోంది, బయటికి పోవట్లేదు. కొత్త బాక్స్ పోయినట్టుంది" అని ఫోన్. తెల్లారితే లారీలు లోడ్ కావాలి, పాపం కుర్రాడికి ఒకటే టెన్షన్. ఈలోపు వాళ్ల వాట్సాప్ గ్రూపులో 'వైరస్ ఎటాక్' అని పుకారు. ఎవరు పుట్టిస్తారో ఇవన్నీ!

స్విచ్‌లోని ఏఆర్‌పీ టేబుల్ (ఏ ఐపీకి ఏ మ్యాక్ అనే జాబితా) ఫొటో పంపమన్నాను. 10.1.1.1కి మ్యాక్ ఉంది. దాని కింద బయటి ఐపీలన్నీ వరసగా 'ఇన్‌కంప్లీట్'. తనది కాని ఐపీకి ఆ ఫైర్‌వాల్ జవాబివ్వడం లేదు, ఇవ్వనక్కర్లేదు కూడా. 10.1.1.1తో కొత్త రూట్ వేయించి, ఉత్త వీలాన్ పేరుతో ఉన్న పాత లైన్ తీయించాను. నిమిషంలో నెట్ వచ్చింది.

మీ స్విచ్‌లోనూ సంబంధం లేని బయటి ఐపీలకు ఒకే మ్యాక్ కనిపిస్తుంటే, గేట్‌వే మార్చకముందే రూట్ సరిచేయండి. రెండే కొసలుండే పాయింట్ టు పాయింట్ సీరియల్ లింకైతే ఇంటర్‌ఫేస్ పేరు ఒక్కటే ఇచ్చినా ఇబ్బంది లేదు.

మిగతా అపోహలు చకచకా. "స్లో అయితే ఏఆర్‌పీ క్లియర్ కొట్టాలి": వద్దు. ఐపీ అదే ఉండి పరికరం మారినప్పుడు పాత మ్యాక్ సిస్కోలో 4 గంటల దాకా ఉండిపోవచ్చు, క్లియర్ పనికొచ్చేది అక్కడ. "చేత్తో వేసిన స్టాటిక్ రూట్‌దే ఎప్పుడూ పైచేయి": ప్రిఫిక్స్ (రూట్ చూపే ఐపీల రేంజ్) ఒకటే అయినప్పుడు మాత్రమే. స్టాటిక్ /16 కన్నా, రౌటర్లు తమలో తాము చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ రూట్ /24 గెలుస్తుంది, ఎందుకంటే దాని రేంజ్ చిన్నది. "రూట్ వేశాను, అయినా పింగ్ రావట్లేదు": అవతలి స్విచ్‌లో మీ నెట్‌వర్క్‌కి తిరుగు రూట్ వేశారా?