సీసా పోస్తే పోని మసి

మల్కాజిగిరి,
హైదరాబాద్.

చిరంజీవులైన పిల్లలకు,
తాతయ్య ఆశీస్సులు.

కారుకు పికప్ తగ్గిందని, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనక నల్లపొగ వస్తోందని రాశారు. డీజిల్ ట్యాంకులో పోసే క్లీనర్ సీసా ఒకటి తెప్పిద్దామా అని కూడా అడిగారు. మెకానిక్ చెప్పినట్టు మసి పట్టింది ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లోనే అయితే, ఆ సీసాతో పైసా ఉపయోగం లేదు. ఎందుకో తెలియాలంటే ఇంజన్లోకి గాలి ఏ దారిన పోతుందో, డీజిల్ ఏ దారిన పోతుందో ముందు చూడాలి.

గాలి ఫిల్టర్ దాటి, టర్బో దాటి మానిఫోల్డ్‌లోకి వస్తుంది. అక్కడ నాలుగు పాయలుగా చీలి నాలుగు సిలిండర్లలోకి దిగుతుంది. మీ 1500 సీసీ ఇంజన్ రెండు చుట్లు తిరిగితే సుమారు లీటరున్నర గాలి పీలుస్తుంది. నిమిషానికి 2000 చుట్ల లెక్కన వేసుకోండి, నిమిషానికి 1500 లీటర్లు. టర్బో నెట్టేది కలిపితే ఇంకా ఎక్కువ. డీజిల్ మాత్రం ఈ దారికి రానే రాదు. ఇంజెక్టర్ దాన్ని నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది. ట్యాంకులో పోసిన మందు ఇంజెక్టర్‌ను కడిగితే కడుగుతుందేమో గానీ మానిఫోల్డ్ గడప తొక్కదు. పాత తరహా పెట్రోలు ఇంజన్లలో ఇంజెక్టర్ వాల్వు వెనకాలే ఉంటుంది కాబట్టి పెట్రోలు వాల్వులను తడుపుతూ పోతుంది. ఆ బండ్లకు చెల్లిన మాటనే అన్ని బండ్లకూ చెప్పి సీసాలు అమ్ముతున్నారు.

గాలి మాత్రమే పోయే దారిలో అంత మసి ఎక్కడిదని మీకు అనుమానం రావాలి. ఎవరో పొరపాటున వదిలింది కాదు, కావాలనే పంపుతున్నారు. సిలిండర్లో వేడి మరీ పెరిగితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు తయారవుతాయి. ఊపిరితిత్తులకు మంచివి కావు. ఆ వేడి తగ్గించడానికి, కాలిన పొగలో కొంత వెనక్కి తెచ్చి కొత్త గాలిలో కలుపుతారు. ఆ పని చేసేదే ఈజీఆర్ వాల్వు. పొగతో పాటు మసీ వస్తుంది. ఇంకో పక్క నుంచి, ఇంజన్ అడుగున ఆయిల్ వేడెక్కి లేచే ఆవిరి బ్రీదర్ గొట్టం గుండా అదే గాలిలో కలుస్తుంది. ఆముదం దీపం మసి పట్టి నెయ్యి రంగరిస్తే కాటుక అవుతుంది చూడండి, మానిఫోల్డ్‌లోనూ అచ్చం అదే జరుగుతుంది. ఒట్టి మసి అయితే చాలామటుకు గాలికే కొట్టుకుపోయేది. ఆయిల్ తగిలాక గోడకు అంటుకుని, దానిమీద ఇంకో పొర పట్టి, గొట్టం లోపల సందు ఇరుకైపోతుంది. గాలి చాలకపోతే డీజిల్ సరిగా కాలదు. అందుకే మీరు చూసిన నల్లపొగ.

ఈజీఆర్ బాగా తెరుచుకునేది ఇంజన్ మీద బరువు తక్కువగా ఉన్నప్పుడు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మూసుకుంటుంది. కాబట్టి రోజూ తార్నాక, సికింద్రాబాద్ స్టేషన్ ట్రాఫిక్‌లో పాకే బండికి ఈ జిడ్డు తొందరగా పడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకసారి గట్టిగా తోలితే అంతా ఊడిపోతుందని మీ నాన్న నమ్మకం. 158 కిలోమీటర్ల ఔటర్ మొత్తం చుట్టొచ్చినా పట్టిన పెచ్చు ఊడదు నాయనా. కొత్తది పట్టడం కాస్త తగ్గుతుంది, అంతే. ఈజీఆర్‌కు రేకు అడ్డం పెడితే పీడ పోతుందని షెడ్డులో ఎవరో ఒకరు చెబుతారు. వినకండి. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 అనే పొగ నిబంధన మొదలైన 13 నగరాల్లో మన హైదరాబాద్ ఒకటి. ఇన్నేళ్లుగా గాలి కోసం బిగిస్తూ వచ్చిన నిబంధనను మన ఇంటి ముందు రేకుముక్కతో తప్పించడం నాకు నచ్చదు. పైగా డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలిగి కూర్చుంటుంది.

కాబట్టి విప్పి కడగడమే. పెద్దవాళ్లు పక్కన లేకుండా మొదలుపెట్టొద్దు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యాలి. ప్రతి గొట్టం, ప్రతి సాకెట్ ఊడదీసే ముందు ఫోన్లో ఫోటో తీసుకోండి. బోల్టులు ఏ వరసలో వచ్చాయో ఒక అట్టముక్కకు గుచ్చి పెట్టుకుంటే, పొడుగుదీ పొట్టిదీ మారిపోయి టెన్షన్ పడే పని ఉండదు. ఇంజెక్టర్లకు వెళ్లే సన్నటి ఉక్కు గొట్టాల జోలికి మాత్రం పోవద్దు. టైర్లో గాలి ఒత్తిడి 2 బార్ల పైచిలుకు. ఇంజన్ నడిచేటప్పుడు ఆ గొట్టాల్లో డీజిల్ ఒత్తిడి 1000 బార్లు కూడా దాటగలదు. అవి విప్పితే తప్ప మానిఫోల్డ్ రాని ఇంజన్ అయితే ఆ పని మెకానిక్‌కే వదిలేద్దాం. అందులో నామోషీ ఏమీ లేదు.

మానిఫోల్డ్ బయటికి రాగానే మొదట చేయాల్సింది కడగడం కాదు, ఇంజన్ వైపు తెరుచుకున్న రంధ్రాలను నూలుపోగులు రాలని శుభ్రమైన గుడ్డతో మూయడం. గట్టిపడ్డ పెచ్చు ముక్కో, చిన్న నట్టో లోపలికి జారితే, వంద రూపాయల పని ఇంజన్ విప్పే పనిగా మారుతుంది. సెన్సర్లు ముందే తీసి పక్కన పెట్టండి. గాలిని కొలిచే సెన్సర్‌కు దానికంటూ ఉన్న స్ప్రే తప్ప ఇంకేదీ కొట్టకూడదు.

ఇక కడగడం. డీజిల్లో రాత్రంతా నానబెడితే జిడ్డు మెత్తబడుతుంది. చెక్క పుల్లతో, ప్లాస్టిక్ గరిటెతో గీకి, సీసాలు కడిగే పొడవాటి బ్రష్షుతో మూలలు తోమండి. ఇనుప బ్రష్షు వేస్తే అల్యూమినియం మీద గీతలు పడతాయి, దాని తీగలు విరిగి లోపల ఉండిపోవచ్చు కూడా. డ్రైనేజీ పైపుల్లో పోసే కాస్టిక్ సోడా అసలే వద్దు. అది అల్యూమినియంను తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. ప్లాస్టిక్ మానిఫోల్డ్ అయితే ఘాటు తక్కువ మందులే వాడాలి, మంటతో కాల్చడం లాంటి పనులు చేయకూడదు. చివరికి గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్లు. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. జిడ్డు కరిగించే కార్బ్ క్లీనర్ స్ప్రే వాడితే, దానికి ఇట్టే నిప్పంటుకుంటుంది, కాబట్టి ఆరుబయటే పని, అగ్గిపుల్ల దగ్గరికి రాకూడదు.

ఆరబెట్టడం దగ్గర తొందరపడితే చెడుతుంది. నీళ్లు మిగిలితే సిలిండర్లోకి పోతాయి. నీళ్లను పిస్టన్ నొక్కలేదు, కాబట్టి లోపలి కడ్డీ వంగిపోవచ్చు. డీజిల్ మడుగు మిగిలితే ఇంకో ప్రమాదం. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు, గాలితో వచ్చిన ఏ నూనెనైనా కాల్చేసుకుంటుంది. తాళం తిప్పినా ఆగకుండా అరుస్తూ వేగం పెంచేస్తుంది. మన మాన్యువల్ బండి అలా మొండికేస్తే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలెయ్యాలి. అందుకే ఒక పూట ఎండలో తలకిందులుగా పెట్టి, చేత్తో తడిమి చూశాకే బిగించాలి.

బిగించేటప్పుడు మానిఫోల్డ్‌కూ ఇంజన్‌కూ మధ్య పెట్టే ప్యాకింగ్ (గాస్కెట్) కొత్తది తప్పనిసరి. బోల్టులన్నీ ముందు వేళ్లతో తిప్పి, తర్వాత మధ్య నుంచి అంచులకు వస్తూ, కంపెనీ పుస్తకంలో చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించండి. బలం చూపిద్దామనుకుంటే అల్యూమినియంలో మర పోతుంది. స్టార్ట్ చేశాక బుస్సుమనే శబ్దం వస్తే ఎక్కడో గాలి పోతున్నట్టే.

మిగిలిన నల్లనీళ్లను మోరీలో పారబోయకండి. మన నాలాలు చివరికి మూసీలోనే కలుస్తాయి. డబ్బాలో పట్టి ఉంచితే, పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే షెడ్డులో అడిగి ఇచ్చేస్తాను.

ప్యాకింగ్ కోసం రాణిగంజ్ వెళ్తున్నాను. ఒకే మోడల్‌కు ఏడాదిని బట్టి ప్యాకింగ్ మారుతుంది, ఛాసిస్ నంబరు ఉంటే తప్ప సరైనది దొరకదు. ఆర్సీ ఫోటో ఒకటి తీసి ఇవాళే పంపండి.

మీ
తాతయ్య