కార్టూనే కదా అని చంకనేసుకొచ్చే ముందు: అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం మ్యాట్నీలో, ఇంటర్వెల్‌కి ఇంకా పావుగంట ఉందనగా, ఒకాయన తలుపు తోసుకుని బయటికొచ్చాడు. భుజం మీద మూడేళ్ళ పాప. ఏడ్చి ఏడ్చి వెక్కిళ్ళు పెడుతోంది. వెనకాలే భార్య, ఒక చేతిలో సగం తిన్న పాప్‌కార్న్, ఇంకో చేతిలో మూడు త్రీడీ కళ్ళజోళ్ళు. "ఏమండీ, కార్టూన్ సినిమా అనే కదా వచ్చాం. ఇంత భయంకరంగా ఉంటుందని ముందే చెప్పొద్దా?" అని నా మీద పడ్డాడు. టికెట్ డబ్బులు వెనక్కి ఇవ్వమన్నాడు. షో మొదలయ్యాక టికెట్ వెనక్కి తీసుకునే అధికారం నాకు లేదు. పాపకి మంచినీళ్ళిచ్చి, లాబీలో చేపల తొట్టి చూపించి ఏడుపు మాన్పించడం ఒక్కటే నా చేతిలో ఉన్న పని. ఆ పనే చేశాను.

గుంటూరులో బుకింగ్ కిటికీ వెనక కూర్చుని టికెట్లు చింపడంతో మొదలుపెట్టాను. ఇప్పుడు విజయవాడలో డ్యూటీ మేనేజర్‌ని. మొత్తం పద్దెనిమిదేళ్ళు. మన చిన్నప్పటి కార్టూన్లని మనుషులతో, గ్రాఫిక్స్‌తో మళ్ళీ తీస్తున్న సినిమాలు, లైవ్ యాక్షన్ అంటారే, అవి వచ్చిన ప్రతిసారీ అవే ప్రశ్నలు, అవే గొడవలు, అవే వాట్సాప్ కబుర్లు. నోరు నొప్పెట్టి రాస్తున్నా.

అపోహ: కార్టూన్ నుంచి తీసిందంటే పిల్లల సినిమానే. ఎంత చిన్నవాళ్ళనైనా తీసుకెళ్ళొచ్చు.

మిగతావన్నీ వదిలేసినా ఇదొక్కటి వదలకండి. డబ్బులు పోయేది ఇక్కడే, పిల్లలు హడలిపోయేది ఇక్కడే.

గీసిన పులి గీసిన పులే. కళ్ళు పెద్దవి చేసి, మూతి సాగదీసి, నడకలో కాస్త వయ్యారం పెడతారు. అది బొమ్మ అని రెండేళ్ళ పిల్లకి కూడా తెలిసిపోతుంది. పైగా కార్టూన్ చూసేది ఇంట్లో, లైటు వెలుతురులో, అమ్మ అన్నం కలిపి పెడుతుంటే. అదే పులిని వెంట్రుక వెంట్రుకా కనబడేలా, ఊపిరి తీస్తే డొక్కలు ఎగిరేలా తయారు చేసి, గోడంత తెర మీద, చీకట్లో, చుట్టూ స్పీకర్లు పెట్టి గర్జింపజేస్తే? కథ అదే, పాటలూ అవే. కానీ కుర్చీలో కూర్చున్న పసిదానికి అది కథ కాదు, పులి.

నాకు ఇది 2016లో తెలిసొచ్చింది. 'ది జంగిల్ బుక్' కొత్త సినిమా మన దేశంలో ఏప్రిల్ 8న వచ్చింది, అమెరికా కంటే వారం ముందే. సెన్సార్ వాళ్ళు దానికి యూఏ ఇచ్చారు. మోగ్లీ సినిమాకి యూఏ ఏంటని దేశమంతా నవ్వింది, క్యాంటీన్ దగ్గర నిలబడి నేనూ నవ్వాను. మొదటి ఆదివారం దాకానే ఆ నవ్వు. 1967 నాటి కార్టూన్‌లో తోడేళ్ళ పెద్ద అకేలాని ఎవరూ చంపరు. ఈ సినిమాలో షేర్ ఖాన్ అనే పులి మాట్లాడుతూ మాట్లాడుతూనే అతన్ని నోట కరిచి కొండ మీంచి కిందికి విసిరేస్తాడు. తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. హాలంతా ఒక్క క్షణం గప్‌చుప్, ఆ వెంటనే నాలుగు మూలల నుంచీ ఏడుపులు. ఆ షోలో ఎంతమంది అమ్మలు చంటిపిల్లల్ని ఎత్తుకుని బయటికొచ్చారో! వాళ్ళలో ఒక అమ్మమ్మ నన్ను పట్టుకుని, "పులులూ సింహాలూ ఆడుకుంటాయని అల్లుడు చెప్పాడయ్యా" అంది. అల్లుడు మాత్రం లోపలే ఉండి చూస్తున్నాడు!

ఆ అల్లుడు అబద్ధం చెప్పలేదు. ఆయనకి గుర్తున్నదే చెప్పాడు. నా సంగతీ అంతే. గుంటూరులో మా వీధిలో రెండిళ్ళకే కలర్ టీవీ ఉండేది. ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో మోగ్లీ సీరియల్ వస్తుంటే గడప బయట నుంచే మెడలు చాచి చూసేవాళ్ళం. హిందీ ముక్క రాదు. అది జపాన్ వాళ్ళు తయారు చేసిందని పెద్దయ్యాక గాని తెలియలేదు. అయినా ఆ పాట వస్తే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కాబట్టి టికెట్ కొనేటప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి: ఎవరి కోసం కొంటున్నారు? నేను చూసినంతలో పదింట ఏడు టికెట్లు నాన్న తన కోసం కొనుక్కునేవే. అందులో తప్పేం లేదు, మీరు వచ్చి హాయిగా చూడండి. మూడేళ్ళ పిల్లని మాత్రం మీ జ్ఞాపకంలోకి బలవంతంగా లాక్కురావద్దు.

ఇక సర్టిఫికెట్ సంగతి. యూ అంటే అందరూ చూడొచ్చు. ఏ అంటే పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళని గేటు దగ్గరే ఆపాలి. యూఏ దగ్గరే మనవాళ్ళు తికమక పడతారు. ఇదివరకు యూఏ అంటే పన్నెండేళ్ళ లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు చూసుకోవాలి అని ఒకటే మాట. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి దాన్ని మూడు చేశారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. "గేటు దగ్గర మీరు ఆపలేదుగా, అంటే పర్లేదనేగా" అని నాతో వాదించేవాళ్ళు రోజూ తగులుతారు. యూఏకి మేం ఆపం, ఆపడానికి లేదు. ఆ నిర్ణయం తల్లిదండ్రులది. పక్కన ఉన్న అంకె మీ కోసం వేసిందే. బుకింగ్ యాప్‌లో సినిమా పేరు కిందే కనిపిస్తుంది, చూడకుండా సీట్లు నొక్కేస్తారు.

అంకె చూశాక కూడా అనుమానం తీరకపోతే ట్రైలర్ వేసి చూపించండి. ఫోన్‌లో కాదు, ఇంట్లో టీవీలో, లైట్లు ఆపి, సౌండ్ పెంచి. దిండు వెనక దాక్కుంటే మీకు జవాబు దొరికినట్టే. వచ్చేవాళ్ళు మార్నింగ్ షోకి రండి, పిల్లలకి నిద్ర వేళ కాదు. వెనక వరసలో, నడవ పక్క సీటు తీసుకోండి. త్రీడీ కాకుండా టూడీ ఉంటే దానికే వెళ్ళండి.

భయపడి ఏడిస్తే బయటికి తీసుకొచ్చేయండి. "మగపిల్లాడివి, ఏడుస్తావా", "డబ్బులు పెట్టి కొన్నాం, కూర్చో" లాంటి మాటలు దయచేసి వద్దు. లాబీలో రోజూ వింటుంటాను, కడుపు తరుక్కుపోతుంది. మళ్ళీ లోపలికి వెళ్దామా అని పిల్లనే అడగండి. వద్దంటే వద్దు. ఆ రాత్రి ఉలిక్కిపడి లేస్తే ఏదో అయిపోయిందని టెన్షన్ పడి మర్నాడు ఫోన్ చేసిన తల్లులున్నారు. "మీ తప్పు లేదమ్మా, ఆ పులి ఫొటో చూపించి ఇదంతా కంప్యూటర్‌లో గీసిందే అని చెప్పండి" అన్నాను ఒకావిడతో. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్: "అన్నయ్యగారూ, ఇప్పుడు వాడే పులై మమ్మల్ని తరుముతున్నాడండీ."

అపోహ: త్రీడీ చూస్తే పిల్లల కళ్ళు పోతాయి.

పోవు. ఆ ఫార్వర్డ్ పంపిన మీ బాబాయ్‌గారికి చెప్పండి. కళ్ళజోడు పెద్దవాళ్ళ కొలత, పిల్లల ముక్కు మీద నిలవదు. తీసేస్తే తెర మీద బొమ్మలు రెండేసి కనబడతాయి, పెట్టుకుంటే కాస్త చీకటిగా ఉంటుంది. విసుగు, ఒక్కోసారి తలనొప్పి, అంతే. అయితే అందరికీ కనబడుతున్న లోతు మీ పిల్లకి ఎంతకీ కనబడటం లేదంటే కళ్ళ డాక్టర్‌కి ఒకసారి చూపించండి.

అపోహ: ఇంగ్లీష్‌లో చూపిస్తే ఇంగ్లీష్ వచ్చేస్తుంది. తెలుగు డబ్బింగ్ చీప్.

ఇది మన విజయవాడ జబ్బు. వారమంతా స్కూలు, ట్యూషను, ఆదివారం సినిమా కూడా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసేనా? 2019లో 'లయన్ కింగ్' రెండు భాషల్లోనూ వేశాం. తెలుగులో సింబాకి నాని, స్కార్‌కి జగపతిబాబు, పుంబాకి బ్రహ్మానందం, టీమోన్‌కి అలీ గొంతులిచ్చారు. తెలుగు షో నడుస్తుంటే నవ్వులు క్యాంటీన్ దాకా వినబడేవి. పక్క స్క్రీన్‌లో ఇంగ్లీష్ షోకి పిల్లలు కుర్చీల మీద ఎక్కి దిగుతూ, "నాన్నా, ఏమన్నాడు? నాన్నా, ఎందుకు నవ్వుతున్నారు?" నాన్నకీ సగం అర్థం కాక, "చూడు, చూడు" అనడం. పిల్లకి ఏ భాషలో నవ్వొస్తే ఆ భాషలో చూపించండి.

అపోహ: లైవ్ యాక్షన్ అంటే అంతా నిజంగా కెమెరాతో తీసిందే.

అదే 'లయన్ కింగ్' చూసి వచ్చిన ఒకాయన సింహాలని ఎన్ని నెలలు కట్టేసి ట్రైనింగ్ ఇచ్చారో పాపం అన్నాడు. అందులో సింహాలు లేవండీ. దర్శకుడు జాన్ ఫావ్రో స్వయంగా చెప్పాడు, సినిమా మొత్తానికి నిజంగా కెమెరాతో తీసిన షాట్ ఒక్కటే అని, మొదట్లో వచ్చే సూర్యోదయం. మిగతాదంతా కంప్యూటరే. జంగిల్ బుక్‌లో అడవి కూడా అంతే, లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో లోపల నీల్ సేఠీ అనే కుర్రాడి చుట్టూ నీలం తెరలు కట్టి తీశారు. "సింహాల మొహాల్లో ఏడుపే లేదు, కార్టూన్‌లో ఎంత బాగా ఏడ్చాడో" అని బయటికొచ్చి పెదవి విరిచేవాళ్ళకీ జవాబు ఇందులోనే ఉంది. నిజం సింహంలా ఉండాలని పట్టుబట్టారు. నిజం సింహం కనుబొమలు పైకెత్తి, పెదవి వణికించి ఏడవదు. ఇక్కడ మాత్రం ప్రేక్షకుల బాధ న్యాయమే అంటాను.

అపోహ: మనం ఎంత మొత్తుకున్నా సినిమావాళ్ళు వినరు.

వింటారు, ఒక్కోసారి. 2019లో వీడియో గేమ్‌లోని నీలం ముళ్ళపంది సోనిక్ సినిమా ట్రైలర్ వచ్చినప్పుడు మనిషి పళ్ళలాంటి ఆ పళ్ళు చూసి ప్రపంచమంతా తిట్టిపోసింది. విడుదలని నవంబర్ నుంచి మరుసటి ఏడాది ఫిబ్రవరికి జరిపి, మొహం మొత్తం మళ్ళీ చేసుకొచ్చారు. అలాగని తిట్లు పడ్డవన్నీ పోతాయనుకోకండి. లయన్ కింగ్‌ని ఎంతమంది తిట్టారో, అది 160 కోట్ల డాలర్లు దాటింది.

అపోహ: ఉన్నది ఉన్నట్టు తీస్తే చాలు. అసలుని మార్చి పాడు చేశారు.

ఏది అసలు? 1894లో ఇంగ్లీష్ రచయిత కిప్లింగ్ రాసిన జంగిల్ బుక్ కథల్లో కొండచిలువ కా మోగ్లీకి స్నేహితుడు, కోతులు ఎత్తుకుపోతే విడిపించడానికి వెళ్ళినవాడు. వాణ్ణి దుర్మార్గుణ్ణి చేసింది మనం నెత్తిన పెట్టుకునే ఆ 1967 కార్టూనే. కోతుల రాజు లూయీ పుస్తకంలో అసలు లేనే లేడు. పినోకియో పుస్తకంలో అయితే నీతులు చెప్పే కీచురాయిని ఆ చెక్కబొమ్మ సుత్తి విసిరి చంపేస్తుంది. మనకీ ఇది కొత్తేం కాదు. శశిరేఖ పెళ్ళి వ్యాసుడి భారతంలో లేదు, అయినా 'మాయాబజార్' వస్తుంటే ఎవరైనా ఛానల్ మారుస్తారా?

ఇదంతా ఇంట్లో చెప్పలేను. మొన్న వేసవిలో చోటా భీమ్ మనుషులతో తీసిన సినిమా గురించి మాటొచ్చింది. హైదరాబాద్ వాళ్ళ కార్టూన్, 2008 నుంచి టీవీలో వస్తోంది, సినిమా 2024 మేలో వచ్చింది. దాని ట్రైలర్ పెడితే మా పక్కింటి ఐదేళ్ళ బుడ్డోడు రెండు నిమిషాలు చూసి, "ఈ అన్నయ్య ఎవరు? భీమ్ ఎప్పుడొస్తాడు?" అన్నాడు. చూశావా, పిల్లలకి కార్టూనే అసలు అని మా అమ్మాయితో అన్నాను. తను ఇప్పుడు తొమ్మిదో తరగతి. చిన్నప్పుడు మా థియేటర్‌లోనే, నా ఒళ్ళో కూర్చుని ఆ కొత్త లయన్ కింగ్ చూసింది. పాతది, 1994ది, గొప్పగా ఉంటుందని కిందటేడు పట్టుబట్టి కూర్చోబెట్టి చూపించాను. అరగంటయ్యాక ఫోన్ తీసింది.

"ఏమ్మా, బాలేదా?"

"బాగానే ఉంది నాన్నా. కానీ వీళ్ళు సింబాని ఇలా బొమ్మలా ఎందుకు మార్చేశారు?"