అచ్చులు వినిపిస్తాయి, హల్లులే రావు

వడపళని, చెన్నై
ఆదివారం

చిరంజీవులు సింధుకి, చిన్నాకి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ ముగ్గురూ క్షేమమని తలుస్తాను.

జూన్‌లో వచ్చినప్పుడు సింధు నన్నొక ప్రశ్న అడిగింది. నేను "అలాగే తల్లీ, సాయంత్రం వేస్తాను దోసెలు" అన్నానట. మీరిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మీరు నవ్వుతున్నారు గదా అని నేనూ నవ్వేశాను. రాత్రి మీ అమ్మ ఆ ప్రశ్నని పాత క్యాలెండరు వెనక రాసి చూపించింది: "లండన్‌లో మా టీవీలో ఏది పెట్టినా కింద మాటలు అక్షరాల్లో వస్తాయి. నీ టీవీలో ఎందుకు రావు అమ్మమ్మా?" జవాబు చెప్పేలోగా మీ విమానం టైమైపోయింది. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నా చెవుల సంగతి. నాది పూర్తి చెవుడు కాదు. పరీక్ష చేసిన అమ్మాయి గీసిచ్చిన గ్రాఫు నా దగ్గరుంది. ఎడమ వైపు గీత బాగానే ఉంటుంది. కుడి వైపుకి వెళ్ళేకొద్దీ మెట్లు దిగినట్టు కిందికి జారిపోతుంది. అంటే బరువు శబ్దాలు అందుతాయి, సన్న శబ్దాలు అందవు. మన మాటల్లో అచ్చులు బరువు, కొన్ని హల్లులు మరీ సన్నం. స, శ, త, ప, క లాంటివి గాల్లోనే ఆవిరైపోతాయి. మీ అత్తయ్య వంటింట్లోంచి "పప్పు వెయ్యనా?" అంటే నాకు "తప్పు చెయ్యనా?" అని వినిపిస్తుంది. చెయ్యవే తల్లీ, నన్నడుగుతావేం అంటాను. చెవి మిషన్ పెట్టుకుంటే ఎదురుగా కూర్చున్న మనిషితో ఫర్వాలేదు. టీవీ దగ్గర మాత్రం మాట, వెనక సంగీతం, ఫ్యాను హోరు అన్నీ కలిపి పెంచి పెడుతుంది.

కాబట్టి నాకు కావలసింది గట్టిగా వినిపించడం కాదు, అక్షరం. జీవితమంతా అక్షరాలతోనే గడిపినదాన్ని కూడాను. 1976లో ఇక్కడే ఒక తెలుగు ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా చేరాను. అప్పట్లో మద్రాసులో తెలుగు పుస్తకాలూ పత్రికలూ ఎన్ని అచ్చయ్యేవో మీకు చెప్పినా నమ్మరు. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చేవారు. నా పక్కన ఒకామె రాతప్రతి పైకి చదివేది, నేను గేలీ ప్రూఫు, అంటే దిద్దడానికి తీసిన అచ్చు కాగితం మీద ఆ మాటనే వెతుక్కుంటూ తప్పు దిద్దేదాన్ని. చెవీ కన్నూ జంటగా చేసే పని. ఇప్పుడు టీవీ ముందు కూర్చుంటే అదే పనిలో సగం మిగిలినట్టుంటుంది. ప్రూఫు ఉంటే చదివేవాళ్ళుండరు, చదివేవాళ్ళుంటే ప్రూఫుండదు.

సరే, మీ వైపు సంగతి. ఈ అక్షరాల పని అమెరికాలో 1972లో ఒక వంటల కార్యక్రమంతో మొదలైంది. జూలియా చైల్డ్ అనే ఆవిడ ఫ్రెంచి వంటలు చేసి చూపించేది. బోస్టన్‌లోని టీవీ కేంద్రం వాళ్ళు ఆవిడ మాటల్ని తెర కింద రాసి ప్రసారం చేశారు. వంటతో మొదలుపెట్టిన వాళ్ళెవరో బుద్ధిమంతులు. ఉప్పెంతో వినపడకపోతే కూరంతా పాడవుతుంది గదా. తర్వాత సాయంత్రం వార్తలకి అక్షరాలు చేర్చి, అదే రాత్రి పొద్దుపోయాక మళ్ళీ వేసేవారు. లోకమంతా నిద్రపోయాక వినపడనివాళ్ళకి వార్తలన్నమాట. చద్దివార్తలే అయినా వాళ్ళకి పరమాన్నమే అయుంటుంది.

1980 మార్చిలో అసలు కిటుకు వచ్చింది. టీవీ బొమ్మ అంటే పైనుంచి కిందికి వరుసలు వరుసలుగా గీసే గీతలు. అందులో 21వ వరుస తెర మీద మనకి కనపడదు. ఆ కనపడని వరుసలో అక్షరాలు దాచి పంపారు. కావలసినవాళ్ళు ఒక పెట్టె కొనుక్కుని టీవీకి తగిలిస్తే అక్షరాలు బయటికొస్తాయి, అక్కర్లేనివాళ్ళకి బొమ్మ మామూలుగానే ఉంటుంది. పెట్టె ఖరీదు ఆ రోజుల్లో దాదాపు 250 డాలర్లు. ఎంతమంది కొనగలరు? అందుకని 1990లో చట్టం చేశారు. 1993 జులై నుంచి అమెరికాలో అమ్మే 13 అంగుళాలూ ఆపైన టీవీలన్నిట్లో ఆ పెట్టె పని చేసే చిప్పు లోపలే ఉండాలి. మొత్తం కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. వినపడనివాళ్ళు వెళ్ళి అడుక్కోనక్కర్లేదు. ఎవరింట్లో టీవీ కొన్నా దాంతోపాటే వస్తుంది. వచ్చాక చూస్తే గోలగా ఉండే హోటళ్ళవాళ్ళూ, వ్యాయామశాలలవాళ్ళూ, కొత్తగా ఇంగ్లీషు నేర్చుకునే వలసవాళ్ళూ అందరూ వాడుకున్నారు. మరో చట్టంతో 2006 నాటికి, కొన్ని మినహాయింపులు తప్ప, ఇంగ్లీషులో కొత్తగా వచ్చే ప్రతి కార్యక్రమానికీ అక్షరాలు ఉండి తీరాల్సి వచ్చింది.

ఇంటర్నెట్ వచ్చాక మళ్ళీ మొదటికొచ్చింది. టీవీలో అక్షరాలతో వచ్చినదే కంప్యూటర్లో అవి లేకుండా కనిపించేది. 2010లో ఇంకో చట్టం తెచ్చి, టీవీలో అక్షరాలతో వేసినదాన్ని నెట్‌లో పెట్టినా అక్షరాలతోనే పెట్టాలన్నారు. నెట్‌ఫ్లిక్స్ మీద అక్కడి బధిరుల సంఘం దావా వేస్తే 2012లో రాజీ కుదిరింది. 2014 కల్లా మొత్తం సరుకుకి క్యాప్షన్లు, అంటే ఈ అక్షరాలే, పెడతామని వాళ్ళు ఒప్పుకున్నారు.

మీ లండన్‌లో దారి వేరు. వాళ్ళు క్యాప్షన్లు అనరు, సబ్‌టైటిల్స్ అంటారు. బీబీసీవాళ్ళు 1974లో సీఫ్యాక్స్ అని టీవీ తెర మీద పేజీలు చదువుకునే సదుపాయం పెట్టారు. అందులో 888 నంబరు పేజీ నొక్కితే నడుస్తున్న కార్యక్రమం అక్షరాలు వచ్చేవి. 2008 నుంచి బీబీసీ ముఖ్య ఛానెళ్ళలో నూటికి నూరు పాళ్ళూ ఉంటున్నాయి. ఒక్కో మనిషి మాటకి ఒక్కో రంగు చూడండి, తెలుపు, పసుపు, లేత నీలం, ఆకుపచ్చ. ఎవరు మాట్లాడుతున్నారో వెతుక్కోనక్కర్లేదు. ఎవరికి తట్టిందో గానీ చేతులెత్తి దణ్ణం పెట్టాలి. కెనడాలోనూ నూరు శాతం నియమం ఉంది. ఆస్ట్రేలియాలో పెద్ద ఛానెళ్ళకి ఉదయం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా. అర్ధరాత్రి దాటితే వినపడనివాళ్ళు పడుకోవాలి కాబోలు.

ఉండటం ఒకటి, సరిగ్గా ఉండటం ఇంకొకటి. ముందే తీసిన సినిమాకి తీరిగ్గా కూర్చుని రాయొచ్చు. అప్పటికప్పుడు నడిచే వార్తలకి ఎలా రాస్తారో తెలుసా? కొందరు స్టెనో మిషన్ మీద నాలుగైదు మీటలు ఒక్కసారే నొక్కుతూ శబ్దాల్ని బట్టి రాస్తారు, నిమిషానికి 200 మాటలు దాటిపోతారు. బీబీసీలో ఇంకో పద్ధతి కూడా వాడారు. ఒక మనిషి గదిలో కూర్చుని, వార్తలు చెవిలో వింటూ, అవే మాటల్ని స్పష్టంగా, మధ్యలో "కామా", "ఫుల్‌స్టాప్" అని కూడా పలుకుతూ కంప్యూటరుకి తిరిగి చెబుతారు. కంప్యూటరు దాన్ని అక్షరాలు చేస్తుంది. నా పక్కన రాతప్రతి చదివిన ఆవిడ గుర్తొచ్చింది నాకు. ఆవిడా అంతే, "ఇక్కడ కామా, ఇక్కడ కొత్త పేరా" అని రాగం తీస్తూ చదివేది. తప్పులూ పడుతుంటాయి. ఎడ్ మిలిబాండ్ అనే నాయకుడి పేరు ఒకసారి "ఎడ్ మిల్లర్ బ్యాండ్" అని పడింది. మిల్లర్‌గారి బ్యాండుమేళం!

తప్పుల్ని కొలవడానికి లెక్కలున్నాయి. ప్రత్యక్ష ప్రసారానికి 98 శాతం కచ్చితత్వం ఉంటే ఫర్వాలేదంటారు. వినడానికి ఘనంగానే ఉంది. చిన్నా, నువ్వు లెక్క కట్టు. నిమిషానికి 150 మాటలైతే, అందులో రెండు శాతం మూడు మాటలు. అర్థం చెడగొట్టే తప్పుని ఎక్కువగానూ, చిన్న తప్పుని తక్కువగానూ లెక్కేస్తారు లెండి. అయినా మా ప్రెస్సులో పేజీకి మూడు అచ్చుతప్పులు వదిలితే ఫోర్‌మన్ నా బల్ల దగ్గరికొచ్చి ఏమీ అనకుండా నిలబడేవాడు. తిట్టినా నయమే. అమెరికావాళ్ళు 2014లో తప్పుల లెక్కతో ఆగకుండా ఇంకో మూడు అడిగారు. మాటతోపాటే అక్షరం రావాలి, కార్యక్రమం చివరిదాకా రావాలి, తెర మీది మొహాల్నీ, ఇతర రాతల్నీ కప్పేయకూడదు.

ఇక మన సంగతి. 1980లలో దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం బధిరుల వార్తలొచ్చేవి, సైగలతో. వాటి తర్వాత ఏదో ఒక ప్రాంతీయ భాషా చిత్రం. ఎన్నో వారాలకొకసారి తెలుగు వంతు వచ్చేది, దానికోసం వీధిలోని తెలుగువాళ్ళంతా మా ముందుగదిలో చాప పరుచుకుని కూర్చునేవాళ్ళు. సినిమా మొదలయ్యేదాకా ఆ వార్తల సైగల్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఆ తెలుగు సినిమా కింద అక్షరాలు వచ్చేవి, ఇంగ్లీషులో.

నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది సింధూ. ఇప్పటికీ అంతే. ఫోన్లో ఏ తెలుగు సినిమా తెరిచినా అక్షరాల జాబితాలో ఇంగ్లీషు ఉంటుంది, తెలుగు అరుదు. తెలుగు రానివాళ్ళు చూడటానికి పెట్టినవి అవి. చుట్టాలకి విస్తళ్ళు వేశాం, చాలా మంచిదే. ఇంట్లో ముసలమ్మని పిలవడం మర్చిపోయాం. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు గనక ఏదో నెట్టుకొస్తున్నాను. అదైనా ఎలా ఉంటుందంటే, తెర మీద మనిషి పెదాలు "ఓరి నీ ఇల్లు బంగారం కాను!" అన్నట్టు కదులుతాయి, కింద "ఓ మై గాడ్" అని పడుతుంది. బావ, మరిది, తమ్ముడు అంతా ఒక్క "బ్రదర్". ఎవరికి ఎవరేమవుతారో తెలియక సగం సినిమా పోతుంది. మా పక్క వాటాలో ఉండే పెద్దావిడకి నాకంటే ఎక్కువ చెవుడు, చదువు తెలుగు వరకే. ఆవిడ టీవీ ఆపేసి బాల్కనీలో కూర్చుంటుంది.

మనకి చట్టం లేదనుకోకండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వినపడనివాళ్ళకి టీవీ కార్యక్రమాలు సైగల భాషతోనో సబ్‌టైటిల్స్‌తోనో అందాలంది. 2019 సెప్టెంబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీలకీ, 2024 మార్చిలో సినిమా హాళ్ళకీ ప్రమాణాలు ప్రకటించింది. అమెరికాలో ఒక్క తారీఖు పెట్టి, ఆ రోజు దాటాక అమ్మే ప్రతి టీవీలో ఉండాలన్నారు చూశారా, అలాంటి గట్టి పట్టు నా తెర దాకా ఇంకా రాలేదు.

పాటల దగ్గర మాత్రం మనవాళ్ళు ఒక గొప్ప పని చేశారు. బ్రిజ్ కొఠారీ అని అహమ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన ఆయన, హిందీ పాటకి హిందీ అక్షరాలే, గుజరాతీ పాటకి గుజరాతీ అక్షరాలే వేయించాడు. పాట ఎక్కడిదాకా వచ్చిందో అక్కడిదాకా అక్షరం రంగు మారుతుంది. ఆయన తలపెట్టింది చెవిటివాళ్ళ కోసం కాదు, చదవడం అరకొరగా వచ్చినవాళ్ళు పాట పాడుకుంటూ చదువు గట్టిపరుచుకుంటారని. ఏ భాషలో మాట ఆ భాషలోనే అక్షరం, కావలసింది అదే.

తెలుగుకి ఇబ్బందులు లేకపోలేదు. పాత అమెరికా పద్ధతిలో ఆ 21వ వరుసలో పట్టేది రోమన్ లిపే, మన వత్తులకి అక్కడ చోటెక్కడిది? ఇప్పుడు ఆ అడ్డు లేదు గానీ, రెండు వరుసలు దగ్గరగా వేస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. తెర అంచు వత్తుల కాళ్ళు నరికేస్తుంది. "కళ్ళు" తెగితే "కళు". వరుసల మధ్య కాస్త జాగా వదలాలని సీసం పేర్చే కుర్రాడికి కూడా తెలుసు. ఇంకోటి, మనిషి ఎలా మాట్లాడితే అలాగే రాయాలి. "ఏం జేస్తున్నవ్?" అంటే "ఏమి చేస్తున్నావు?" అని దిద్దకూడదు. దిద్దడమే వృత్తిగా బతికినదాన్ని, నేనే చెబుతున్నాను.

మీ మామయ్య నా ఫోన్లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అని ఒకటి పెట్టాడు. మాట్లాడుతుంటే తెలుగులో రాసేస్తుంది. గూగుల్‌లో దాని వెనక ఉన్నవాళ్ళలో దిమిత్రి కనెవ్‌స్కీ అనే పరిశోధకుడికి తనకే చెవులు వినపడవట. చిన్నా, నువ్వు పంపిన పేదరాసి పెద్దమ్మ కథ వీడియో ట్యాబ్‌లో పెట్టి, పక్కన ఈ ఫోను ఆనించాను. నువ్వు "మామ్మ చేటలో బియ్యం చెరుగుతోంది" అన్నావు, మూడుసార్లు పెదాలు చూసి పోల్చుకున్నాను. ఫోను "మామ చేతిలో బియ్యం జరుగుతోంది" అని రాసింది. లండన్‌లో పుట్టి చేట అనగలిగావు, ఫోనుకి రాకపోతే పోనీలే.

మొత్తం కథ తెల్లకాగితం మీద ఎత్తి రాసి, తప్పులు ఎర్ర సిరాతో దిద్దాను, ఏది ఎన్నో నిమిషమో పక్కన వేశాను. ఈ ఉత్తరంతోపాటు ఆ మూడు పేజీలూ మామయ్య ఫోటో తీసి పంపుతాడు. అవి చూసుకుంటూ నీ వీడియోకి తెలుగు అక్షరాలు నువ్వే టైపు చేసి పెట్టు, సింధు సాయం చేస్తుంది. పూర్తయ్యాక పక్క వాటా ఆవిడని కూడా పిలుస్తాను. ఒకచోట మాత్రం ఖాళీ వదిలాను. నాలుగో నిమిషం దాటాక నువ్వు ఏదో అని పకపకా నవ్వావు, తెర అవతల మీ అమ్మ కూడా నవ్వినట్టుంది. ఫోను అక్కడ ఏమీ రాయలేదు. ఏమన్నావో రాసి పంపు.

ఇట్లు,
మీ అమ్మమ్మ