సింగపూర్ రోడ్లూ మన బోదె నీళ్లూ

చి. చిన్నిబాబుకి, చి. బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నిబాబు అడిగాడు: "ఎన్నికల గోల లేకుండానే సింగపూర్ అంత బాగుపడింది కదా తాతయ్యా, మనకెందుకిదంతా?" ఇంతలో సిగ్నల్ పోయింది. మంచిదే అయింది, నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఒరే, సింగపూర్లోనూ ఎన్నికలు జరుగుతాయి. కాకపోతే 1959 నుంచీ గెలిచేది ఒకే పార్టీ. ఆ దేశాన్ని నిలబెట్టిన లీ క్వాన్ యూ, ఆసియా వాళ్లకి కుటుంబం, క్రమశిక్షణ ముఖ్యం, పడమటి దేశాల పద్ధతి ఇక్కడ అతకదు అనేవారు. 1994లో ఆయనకి జవాబు రాసింది దక్షిణ కొరియా నాయకుడు కిమ్ డే జంగ్. 1980లో సైనిక పాలకులు ఈయనకి మరణశిక్ష వేశారు, తర్వాత తగ్గించారు. చెడ్డ రాజుని దించే హక్కు జనానికి ఉందని చైనా పండితుడు మెన్షియస్ రెండు వేల ఏళ్ల కిందటే చెప్పాడు, అది ఆసియా సంస్కృతి కాదా అని కిమ్ వాదన. 1998లో ఆయనే కొరియా అధ్యక్షుడయ్యారు. పెద్దల మాటకి అంత విలువిచ్చే దేశంలో!

ఇక డబ్బు. ముందు డబ్బొస్తే ఓటు దానంతటదే వస్తుందని కొందరంటారు. కొరియాలో ఫ్యాక్టరీలూ చదువులూ ముందొచ్చాయి. 1987లో విద్యార్థులతోపాటు ఆఫీసు ఉద్యోగులూ రోడ్డెక్కాకే అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కు దక్కింది. తైవాన్‌కి అది 1996లో వచ్చింది. చైనాలో డబ్బు వచ్చింది గానీ పాలకుల్ని మార్చే ఓటు రాలేదు.

మన డెల్టా సంగతి చూడండి. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాటన్ దొర పుణ్యమా అని గాదెలు నిండాయి. ఓటు మాత్రం చాలాకాలం ఆస్తీ చదువూ ఉన్న కొద్దిమందిదే. మా అమ్మ మొదటిసారి ఓటేసింది 1952లో. ఆనకట్టకీ ఆ ఓటుకీ మధ్య నూరేళ్లు! అమ్మకి చదువు రాదు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. గుర్తు చూసి కాగితం వేసొచ్చింది. ఎవరికేశావే అని నాన్న ఎన్నిసార్లడిగినా చెప్పలేదు. మొగుడి మాట జవదాటని మనిషి, ఆ ఒక్క ముక్కా పోయేదాకా కడుపులోనే దాచుకుంది.

మన కాలవ గొడవ మీకు తెలీదు. ఎగువనున్న కామందు చేను తడిశాకే శివారు బోదెకి, అంటే చివరి పొలాల పిల్లకాలవకి, నీళ్లు. తగువొస్తే ఆయన అరుగు మీదే తీర్పు, భుజం మీద కండువా తీసి చేత పట్టుకుని నిలబడాలి. 1997లో చట్టమొచ్చి నీటి సంఘాలకి ఎన్నికలు పెట్టారు. మన ఊళ్లో మొదటి మీటింగులో శివారు రైతొకడు లేచాడు. కండువా తియ్యలేదు. "మా వంతు ఏ రోజో కాగితమ్మీద రాయండి" అన్నాడు. ఆ ఏడు కూడా అతని చేను సగమే తడిసింది. తర్వాతి మీటింగుకి మాత్రం శివారు నుంచి పదిమందిని వెంటబెట్టుకొచ్చాడు.

మామ్మ పూతరేకులు పంపిస్తోంది. బస్సులో నలిగిపోతాయని దానికి ఒకటే టెన్షన్, అందగానే ఫోన్ చెయ్యండి.

మీ తాతయ్య