లండన్ గ్యాస్ దీపాలు, పార్లమెంటు రాళ్లు

1807లో ఫ్రెడరిక్ విన్సర్ లండన్‌లోని పాల్ మాల్ వీధిలో గ్యాస్ దీపాలు వెలిగించి చూపించాడు. 1813 ఆఖరుకల్లా వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన మీద కూడా గ్యాస్ వెలుగు వచ్చేసింది. గ్యాస్ దీపాల కథ సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. ఆ దీపాల్ని, ఊళ్లోని పెద్ద భవనాల్ని కాపాడుకోవడానికి ఆ శతాబ్దమంతా పడ్డ అవస్థలో చాలా భాగానికి కారణం ఒక్కటే: నేలబొగ్గులోని గంధకం.

గ్యాస్ తయారైంది బొగ్గు నుంచే. రిటార్టులనే గాలి చొరబడని పాత్రల్లో బొగ్గు నింపి బయట నుంచి గట్టిగా వేడి చేస్తే హైడ్రోజన్, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ వచ్చేవి. వాటితోపాటు కుళ్లిన గుడ్ల వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వచ్చేది. దాన్ని తీసేయడానికి గ్యాస్‌ను సున్నం గుండా పంపేవారు. అయినా కొన్ని గంధక సమ్మేళనాలు మిగిలిపోయేవి.

దీపాలు వెలిగించే మనిషి పొద్దుగూకే వేళకి నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరేవాడు. స్తంభానికి నిచ్చెన ఆనించి ఎక్కి, గాజు తలుపు తెరిచి, కుళాయి తిప్పి అంటించేవాడు. తెల్లారేసరికి మళ్లీ వచ్చి ఆర్పేవాడు. ఆ మంటకు పసుపు వెలుగు వచ్చేదే పూర్తిగా కాలని కార్బన్ రేణువులు వేడికి మెరవడం వల్ల. అంటే మసి లేకుండా ఆ వెలుగు లేదు. బర్నర్ రంధ్రం కొంచెం పూడినా మంట వంకరపోయి గాజు నల్లబడేది. అందుకే వెలిగించడం ఎంత పనో తుడవడమూ అంతే పని. చలికాలంలో ఇంకో బాధ: బట్టల మధ్య ఉండలుగా వేసుకుంటామే, ఆ నాఫ్తలీన్ గ్యాస్‌లోంచి గడ్డకట్టి గొట్టాలకు అడ్డం పడేది.

భవనాల లోపలా ఇబ్బంది తప్పలేదు. లండన్‌లోని అథీనియం క్లబ్ లైబ్రరీలో పుస్తకాల తోలు అట్టలు పాడవుతుంటే శాస్త్రవేత్త మైకేల్ ఫారడే పరిశీలించి, తప్పు గ్యాస్ దీపాలదే అన్నాడు. గంధకం కాలితే వచ్చే ఆమ్లమే తోలును తినేస్తోంది. దీపం నుంచి వచ్చే వాయువుల్ని గొట్టం ద్వారా బయటికి పంపే ఏర్పాటు కూడా ఆయన చేసి చూపించాడు.

బయట, లక్షల ఇళ్ల పొయ్యిల్లో అదే బొగ్గు మండి, అదే గంధకం పొగతో గాల్లో కలిసేది. 1834లో కాలిపోయిన పార్లమెంటును మళ్లీ కట్టడానికి దేశమంతా రాతి గనులు చూసొచ్చి, చివరికి ఎక్కువగా యార్క్‌షైర్‌లోని ఆన్‌స్టన్ రాయి వాడారు. చూడచక్కని తేనెరంగు సున్నపురాయి, కాని అందులో మెగ్నీషియం ఉంది. మామూలు సున్నపురాయి మీద గంధకామ్లం పడితే జిప్సం అవుతుంది. వాన తగిలే చోట అది కొట్టుకుపోతుంది, చూరు కింద మాత్రం మసి పట్టి నల్లటి పెచ్చులా నిలుస్తుంది. మెగ్నీషియం ఉంటే ఎప్సం ఉప్పు, అంటే మెగ్నీషియం సల్ఫేట్ కూడా తయారవుతుంది. అది నీళ్లలో ఇట్టే కరిగి రాతి సందుల్లోకి దిగి, ఆరగానే స్ఫటికాలుగా మారి లోపల్నుంచి రాయిని చీలుస్తుంది. కట్టడం ఇంకా పూర్తికాకముందే చెక్కడాలు రాలడం మొదలైంది. 1861లో దీని మీద ఒక కమిటీయే వేయాల్సి వచ్చింది. రాతికి పూతలు పూసి చూశారు, పెద్దగా నిలవలేదు. 20వ శతాబ్దంలో పాడైన రాళ్లు తీసి క్లిప్‌షమ్ అనే మరో సున్నపురాయి పెట్టుకుంటూ వచ్చారు.

తప్పంతా పొగ మీదే వేయడం మాత్రం సరికాదని నా అభిప్రాయం. జెర్మిన్ స్ట్రీట్‌లో 1851లో తెరిచిన భూగర్భశాస్త్ర మ్యూజియానికి కూడా ఆన్‌స్టన్ రాయే వాడారు. పీల్చింది కూడా ఆ లండన్ పొగే. కాకపోతే అక్కడ మంచి రాళ్లు ఏరి తెచ్చారు. పార్లమెంటు కోసం గని దగ్గరే నిలబడి ఒక్కో దిమ్మనూ చూసి పంపడానికి ఎవరినీ పెట్టలేదు. పార్లమెంటు గోడలు పెచ్చులూడుతున్న కాలంలో ఆ మ్యూజియం రాయి బాగానే నిలబడింది.