గ్రహాంతర యంత్రం మీద నవల: అపోహలు - వాస్తవాలు

ఎవరో వదిలేసి వెళ్లిన యంత్రం మనుషుల కంట పడుతుంది. అదేమిటో, ఎందుకుందో ఎవరికీ అంతుపట్టదు. ఇలాంటి నవలలు రాసే నాకు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: గ్రహాంతరవాసుల యంత్రమే కదా, ఏమైనా రాసేయొచ్చు.

వాస్తవం: ఎవరు తయారుచేసినా భౌతిక సూత్రాలు ఒకటే. పనిచేసే యంత్రం ఏదైనా వేడిని బయటికి వదలాల్సిందే. ఆ వేడి కంటికి కనిపించని పరారుణ కాంతిగా బయటికొస్తుంది. అందుకే భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ 1960లోనే ఇతర నాగరికతల కోసం ఆ కాంతిలో వెతకమన్నాడు. యంత్రానికి శక్తి ఎక్కడిది, వేడి ఎటు పోతుంది? పాఠకులకు చెప్పినా చెప్పకపోయినా, ఇవి నోట్‌బుక్‌లో రాసుకున్నాకే నేను కథ మొదలుపెడతాను.

అపోహ: శాస్త్రవేత్తలు నాలుగు రోజుల్లో దాని గుట్టు విప్పేస్తారు.

వాస్తవం: ఈ విషయంలో నాకు గురువు యాంటీకిథెరా యంత్రం. 1901లో గ్రీసు దగ్గర సముద్రంలో మునిగిపోయిన ఓడలోంచి తీశారు. సుమారు రెండు వేల ఏళ్ల నాటి కంచు పళ్లచక్రాలు, తుప్పు పట్టి ముద్దగా అతుక్కుపోయాయి. చేసింది మనలాంటి మనుషులే. దానిమీద గ్రీకు అక్షరాలు కూడా ఉన్నాయి. అయినా లోపలేముందో చూడటానికి ఎక్స్‌రేలు కావాల్సి వచ్చాయి. 2005లో సీటీ స్కాన్లు తీశాకే అది గ్రహణాలను లెక్కగట్టే తీరు స్పష్టంగా తెలిసింది. ముందువైపు అమరిక ఎలా ఉండేదన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. మనిషి చేసినదే ఇంతకాలం తీసుకుంటే, మన లిపి, మన లెక్కలు ఏవీ లేని యంత్రం ముందు నా పాత్రలు ముసలివాళ్లైపోవడం సహజం. వాళ్ల శిష్యులు కూడా.

అపోహ: వింత సంకేతం అందగానే అందరూ నమ్మేస్తారు.

వాస్తవం: 1967లో కేంబ్రిడ్జ్‌లో పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్‌కు దాదాపు 1.33 సెకన్లకోసారి వచ్చే రేడియో స్పందన దొరికింది. సరదాకి 'చిట్టి ఆకుపచ్చ మనుషులు' అని పేరు పెట్టుకున్నారు గానీ, ముందు తమ పరికరాన్నే అనుమానించారు. ఆకాశంలో మరోచోట అలాంటిదే ఇంకొకటి కనిపించడంతో ఆ ఊహ పక్కకు పోయింది. అవే పల్సర్లు, అంటే గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే నక్షత్ర అవశేషాలు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్‌ను ఏళ్ల తరబడి తికమక పెట్టిన కొన్ని సంకేతాలైతే, అక్కడి మైక్రోవేవ్ ఓవెన్ ఆగకముందే తలుపు తీయడం వల్ల వచ్చినవని 2015లో తేలింది. ఒక్కో అనుమానాన్నీ కొట్టేసుకుంటూ వెళ్తుంటే పుట్టే టెన్షన్ నాకు ఏ యుద్ధ సన్నివేశంలోనూ దొరకలేదు.

అపోహ: చివర్లో అన్నీ విప్పి చెప్పాలి.

వాస్తవం: అక్కర్లేదు. యంత్రం ఏమిటో తేలకపోయినా ఫరవాలేదు, దాని ముందు నిలబడ్డ మనిషి ఏం నిర్ణయించుకున్నదో తేలాలి. నా నవల ఒకదానికి చివరి అధ్యాయమంతా వివరణే రాశాను. అచ్చుకు పంపేముందు దాన్ని పూర్తిగా తీసేశాను. ఇప్పుడా కథ, తలుపు మీద పెట్టిన చేతిని కథానాయిక వెనక్కి తీసుకున్న చోటే ఆగుతుంది.